కదలని బొమ్మ చెప్పే కథ

బొమ్మల చిత్రంలో బొమ్మలు ఎంత ఎక్కువగా కదిలితే ఆ చిత్రం అంత గొప్పదని చాలామంది అనుకుంటారు. జపానులో తయారైన 'వర్సేల్స్ గులాబీ' అనే టెలివిజన్ ధారావాహిక చూసిన తరువాత, ఈ అభిప్రాయం సరికాదని నాకు తోచింది.

రియోకో ఇకెదా అనే రచయిత్రి 1972లో దీనిని ఒక పత్రికలో బొమ్మల కథగా ప్రారంభించింది. టెలివిజన్‌లో ఇది 1979 నుండి 1980 వరకు 40 భాగాలుగా ప్రసారమైంది. కథ జరిగేది ఫ్రెంచి విప్లవానికి ముందు రోజులలో. చరిత్ర పాఠాలలో కనిపించే రాణి మేరీ ఆంటోనెట్ ఇందులో ముఖ్యపాత్ర. రాజరక్షక దళానికి అధిపతి అయిన ఆస్కార్ కల్పితపాత్ర. కొడుకులు లేని సేనాపతి తన కూతురు ఆస్కార్‌ను మగపిల్లవాడిలా పెంచి, చేతికి కత్తి ఇస్తాడు. రాజు ఉప్పు తిని పెరిగిన ఆమె, చివరకు ఆకలితో అలమటించే ప్రజల పక్షాన నిలుస్తుంది. 1789 జూలై 14న, బాస్తీల్ కోట ముట్టడి జరిగిన రోజున, ప్రాణాలు విడుస్తుంది. విశ్వాసం గొప్పదా, న్యాయం గొప్పదా అన్నదే ఆమె మనస్సులోని సంఘర్షణ.

మనస్సులోని సంఘర్షణను బొమ్మలలో చూపడం ఎలా? సినిమాలో ఒక సెకనుకు 24 చిత్రాలు తెరపై కదులుతాయి. వారం వారం ఒక భాగం తయారుచేయాలంటే అన్ని బొమ్మలు గీయడానికి డబ్బూ చాలదు, సమయమూ చాలదు. అందుచేత జపాను చిత్రకారులు సెకనుకు ఎనిమిది బొమ్మలతో, ఒక్కొక్కప్పుడు అంతకంటే తక్కువ బొమ్మలతో సరిపెట్టుకోవడం నేర్చుకున్నారు. 1963లో ఒసాము తెజుకా తీసిన ధారావాహికతో ఈ పద్ధతి స్థిరపడింది.

'వర్సేల్స్ గులాబీ' 19వ భాగం నుండి దర్శకత్వం చేపట్టిన ఒసాము దెజాకి ఈ లోటునే బలంగా మార్చుకున్నాడు. కథ పతాకస్థాయికి రాగానే కదలిక ఆగిపోతుంది. చదునైన రంగుల బొమ్మ స్థానంలో, గీతలు, నీడలు స్పష్టంగా కనిపించే వర్ణచిత్రం నిలుస్తుంది. కొన్నిచోట్ల ఒకే దృశ్యం వెంటవెంటనే మూడుసార్లు కళ్ళముందు సాగుతుంది. గుండె ఒక్కసారిగా ఆగినట్లనిపించే క్షణం మన అనుభవంలోనూ ఉంటుంది కదా! ఆ క్షణాన్నే ఆయన బొమ్మగా నిలిపాడు.

సంగీతం కూడా అటువంటిదే. స్వరకర్త కోజి మకైనో. గులాబీ అందంగా రాలిపోతుందని చెప్పే పాటతో ప్రతి భాగమూ మొదలవుతుంది. అప్పుడు తెరపై ఆస్కార్‌ను ముళ్ళతీగలు పెనవేసుకొని ఉంటాయి. ఆమె కథ ఎటు పోతుందో ఆ బొమ్మా, ఆ పాటా మొదటే సూచిస్తాయి. అందువల్ల ఆమె నవ్వినప్పుడు కూడా మనకు జాలి కలుగుతుంది.

ఇదంతా అతిశయోక్తి అనీ, కన్నీళ్ళు మోతాదు మించాయనీ కొందరంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పారిస్ వీధులలో ఒక గాయకుడు అకార్డియన్ వాయిస్తాడు. ఆ వాద్యం 1789 నాటికి ఇంకా పుట్టనేలేదు! కానీ ఈ రచన చరిత్ర పుస్తకం కాదు. ఒక రాజ్యం కూలిపోయే వేళ మనుషుల గుండెలు ఎలా కొట్టుకున్నాయో చెప్పే కథ. అంత పెద్ద విషయానికి గొంతు కొంచెం పెద్దదైతే తప్పులేదు.

ఒక కళాఖండాన్ని చూసినప్పుడు దానికి ఎంత ఖర్చయింది, ఎన్ని బొమ్మలు గీశారు అని లెక్కించడం కంటే, తాను చెప్పదలచినది అది మన మనస్సుకు చేర్చిందా అని అడగడం మంచిది. ఉన్న కొద్దిపాటి సాధనాలతోనే గొప్ప పని చేయవచ్చునని ఆ కదలని బొమ్మలు మనకు చెబుతున్నాయి.