నర్లింగ్ గీతలన్నీ క్యాడ్‌లో గీయాలా? నా మాట: అక్కర్లేదు!

మా అనంతపురంలో వేరుశెనగ చేలల్లో డ్రిప్ ఫిల్టర్ మూత తిప్పాలంటే తడిచేయి జారిపోతుంది. అందుకే చుట్టూ నర్లింగ్, అంటే పట్టు కోసం గరుకు గాట్లు ఉన్న 40 మి.మీ. నాబ్ ఒకటి క్యాడ్‌లో డిజైన్ చేశా. రెండు దిక్కులా వందకు పైగా మెలిక గాట్లు పెట్టేసరికి నా 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ కదల్లేదు. వేలకొద్దీ చిన్న ముఖాలు లెక్కగట్టాలి మరి!

లేత్ మీద చేయించే పనికి ఈ తిప్పలు దండగ. నున్నటి సిలిండర్ గీసి, కంటికి కనపడేలా టెక్స్‌చర్ అతికించి, డ్రాయింగ్‌లో ‘డిన్ 82 ఆర్‌జీఈ 1.0’ అని రాస్తే చాలు. గాట్లు పెట్టేది టర్నర్ దగ్గరున్న నర్లింగ్ టూలే, మీ మోడల్ కాదు. టూల్ నొక్కితే సైజు కాస్త పెరుగుతుంది కాబట్టి, ఇచ్చిన వ్యాసం నర్లింగ్‌కి ముందుదా, తర్వాతదా అన్నది మాత్రం తప్పక రాయండి.

3డీ ప్రింటర్ సంగతి వేరు. దానికి టెక్స్‌చర్ కనపడదు, ఎస్‌టీఎల్ ఫైల్‌లో ఉన్న రూపమే ప్రింట్ అవుతుంది. అక్కడ గీయాల్సిందే. అయినా డైమండ్ గాట్లు వద్దు, నిలువు గాట్లు 30 చాలు. నేనలాగే ప్రింట్ చేశా, తడిచేతికీ జారలేదు. ఫైల్ బరువు చూసి డిజైన్ గొప్పదనుకోకండి!