దీపముండగనే

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన సామెత. ఇంటికి చెల్లిన ఈ మాట బడికిని చెల్లును. ఇటీవల మా పాఠశాల కంప్యూటరునకు మొదటిసారిగా పూర్తి బ్యాకప్ ఇమేజి తీయించితిమి. అనగా, యంత్రపు డిస్కులో నున్న సమస్తమునకును ఒక్కటిగా ప్రతి తీయించితిమి. దానికై బయటి హార్డు డిస్కు కొనుటకు అయిదు వేల రూపాయలకు పైగా వ్యయమైనది. తల్లిదండ్రుల సమావేశములో ఒక తండ్రిగారు లేచి, "అయ్యవారూ, నడిచే బండి ఉండగా ఇంకొక బండి ఎందుకు? ఆ డబ్బుతో పిల్లలకు ఆటసామాను రాదా?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు సభలో మేము చెప్పిన సమాధానము మాకే చాలదని తోచినది. కావున ఇచట వివరముగా వ్రాయుచున్నాము.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశమున. అచట ఒక బడిలో ప్రశ్నపత్రము పోయినచో ప్రక్క బడికి కబురు పంపిన చాలును. సాయంత్రమునకు మరియొక ప్రతి వచ్చును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లల స్థితి వేరు. పాఠ్యప్రణాళిక తమిళనాడుది, భాష తెలుగు. ఆంధ్రదేశపు పత్రము తెచ్చినచో భాష కుదురును, పాఠము కుదరదు. చెన్నపట్టణపు పత్రము తెచ్చినచో పాఠము కుదురును, భాష కుదరదు. కావున గణితమునకును, విజ్ఞానశాస్త్రమునకును మా ఉపాధ్యాయులే ఏటేటా తెలుగున ప్రశ్నలు కూర్చి, ఆ యొక్క కంప్యూటరులోనే దాచుచు వచ్చిరి. పిల్లల వ్యాసములు, ఈ పత్రిక పాత సంచికలు సైతము అందే యున్నవి. అది పోయినచో అడిగి తెచ్చుకొనుటకు మరియొక తావు లేదు.

ఇది ఊహించి చెప్పు మాట కాదు. రెండేండ్ల క్రిందట మా పాత యంత్రపు డిస్కు ఒకనాటి యుదయమున పని మానినది. ఫైళ్లను పెన్ డ్రైవులో దాచియుంటిమి గదా యని మేము ధైర్యముగనే యుంటిమి. క్రొత్త యంత్రములో తెరచి చూడగా తెలుగు లేదు. ఆంగ్లాక్షరములును అర్థములేని గుర్తులును వరుసగా కనబడినవి. కారణము తరువాత తెలిసినది. ప్రపంచ భాషల అక్షరములన్నిటికి వేర్వేరు సంఖ్యలు కేటాయించు యూనికోడు పద్ధతిలో తెలుగునకు 1991 నుండియే స్థానమున్నది. కాని మేము టైపు చేసినది అంతకు పూర్వపు పద్ధతి ఫాంటులలో. అవి ఆంగ్లాక్షరముల సంఖ్యలను అరువు తెచ్చుకొని వానిపై తెలుగు రూపములను తొడుగును. ఆ ఫాంటు యంత్రములో లేనిచో తొడుగు జారిపోయి అడుగుననున్న ఆంగ్లాక్షరములే మిగులును. మాకు ఫైళ్లు దక్కినవి, అక్షరములు దక్కలేదు. ఆ ఫాంటులను, వాని కీబోర్డు సాధనమును వెదకుటకు పక్షము దినములు పట్టినది. కొన్ని ఫాంటులు దొరకనే లేదు. ఆ యేడు పదవ తరగతి పిల్లలు పునశ్చరణ పరీక్షకు నల్లబల్లపై వ్రాసిన ప్రశ్నలను చూచి వ్రాసికొనుటలోనే సగము కాలము పోగొట్టుకొనిరి. వెనుక బల్లలపై కూర్చున్నవారికి అంకెలు సరిగా కనబడలేదు. ఆ నష్టము కంప్యూటరుది కాదు, పిల్లలది.

ఇచట ఒక పాత సంగతి స్మరింపదగియున్నది. వంగదేశమున శ్రీరాంపురము నందు విలియం కేరీ మొదలగువారు నడిపిన ముద్రణాలయము 1812 మార్చి 11న అగ్నికి ఆహుతియైనది. పెక్కు భాషల వ్రాతప్రతులు, కాగితము, అచ్చక్షరములు నాశనమైనవి. అయినను, అక్షరములను పోతపోయుటకు మూలమైన ఉక్కు ముద్రలు బూడిదలో చెడక దొరికినవి. వానితో అక్షరములను మరల పోతపోసి కొలది నెలలలోనే పని సాగించిరి. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము అచటనే వెలువడినది. ఫైళ్లను మాత్రమే దాచుట కాగితములను దాచుటవంటిది. పూర్తి ఇమేజి తీయుట కాగితములతో పాటు ఉక్కు ముద్రలను గూడ దాచుట. అందు ఫైళ్లే కాక యంత్రమును నడుపు విండోసు, ఫాంటులు, కీబోర్డు సాధనము, ముద్రణయంత్రపు అమరికలు అన్నియు నున్నవి యున్నట్లే యుండును.

ఇక పని జరిగిన విధము. హోసూరు కర్మాగారములో కొలువు చేయుచున్న మా పూర్వవిద్యార్థి ఒకడు శనివారము మధ్యాహ్నము వచ్చి సాయపడెను. తైవానులో తయారై ఉచితముగా లభించు క్లోనెజిల్లా అను సాధనమును పెన్ డ్రైవులో తెచ్చి, యంత్రమును దానితోనే నడిపించెను. అది డిస్కులో వాడుకలో నున్న భాగములను మాత్రమే చదివి, కుదించి, బయటి డిస్కులో వ్రాయును. పని సగములో నుండగా ఉరుములతో వాన వచ్చి కరెంటు పోయినది. ఆ ప్రతి వ్యర్థమైనది. "మొదట యూపీఎస్ చూసుకోవలసింది అయ్యవారూ, తప్పు నాదే" అని అతడు నొచ్చుకొనెను. తప్పు మాది, మా యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదియైనది. మరుసటి శనివారము క్రొత్త బ్యాటరీతో కూర్చుండగా మూడు గంటలలో పని ముగిసినది.

అంతటితో లేవబోవుచున్న మమ్ము అతడు ఆపెను. "తిరిగి పెట్టి చూడనిది ప్రతి కాదు" అనెను. అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. రాగి చెడలేదు. కాని ఆ రేకులు 1922లో వెలికివచ్చువరకు అందలి పాటలు లోకమునకు దాదాపు మరుగుపడియే యుండెను. భద్రముగా నున్నంత మాత్రమున చాలదు, తెరచి చదువగలుగవలెను. కావున మూలనున్న వేరొక పాత యంత్రము నుండి అంతే పరిమాణముగల డిస్కును విప్పి తెచ్చి, అసలు డిస్కును తీసి ప్రక్కన భద్రపరచి, ఇమేజిని ఆ పాత డిస్కుపై దింపితిమి. ఇది జాగ్రత్తతో చేయవలసిన పని. ఏ డిస్కుపై దింపుచున్నామో పొరబడినచో దానియందున్నదంతయు చెరిగిపోవును. యంత్రము లేచినది. నిరుటి అర్ధసంవత్సర గణితపత్రమును తెరచితిమి. అక్షరములన్నియు తెలుగుననే యున్నవి. చూచుచు నిలుచున్న తొమ్మిదవ తరగతి బాలిక మొదటి ప్రశ్నను పైకి చదివినది. అపుడు మాకు నమ్మకము కలిగినది.

దీనికి గల పరిమితులను గూడ దాచము. ఇమేజి తీసిన దినము వరకే అది సత్యము. మరునాడు టైపు చేసినది అందుండదు. యంత్రములో వైరసు ముందే యున్నచో ప్రతిలోనికిని వచ్చును. పాత ఫాంటులలో నున్నది యూనికోడులోనికి మారదు. ఆ మార్పు మెల్లగా, చేతితో సరిచూచుకొనుచు జరుగవలసిన వేరొక పని. మరియు అందు పిల్లల పేర్లు, మార్కులు గలవు. కావున డిస్కు తాళములో నుండవలెను, సంకేతపదముతో బంధింపబడవలెను.

ఇపుడు ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తము. నడిచే బండికి ఇంకొక బండి కొనలేదు. మన బండికి వేరెచటను దొరకని చక్రములున్నవి. వాని అచ్చులను తీసి పెట్టుకొంటిమి. పెద్ద భాషల బడులకు ఇది సౌకర్యము. మనకు అవసరము. ఆటసామానును తప్పక కొందము. దానిని ఏ అంగడిలోనైన కొనవచ్చును. మా పిల్లలకై కూర్చిన తెలుగు ప్రశ్నపత్రము ఏ అంగడిలోను లేదు.

ఈ ప్రాంతపు తెలుగు బడులన్నిటికి మా మనవి యిది. కాలపరీక్షకు ముందొకసారి పూర్తి ఇమేజి తీయుడు. వారమునకొకమారు క్రొత్త ఫైళ్లను ప్రతి చేయుడు. పని ముగియగనే డిస్కును యంత్రమునుండి ఊడదీయుడు. ఒక డిస్కు మీ బడిలో, మరియొకటి దూరమున నుండవలెను. హోసూరు బడి ప్రతిని కృష్ణగిరి బడి, కృష్ణగిరి బడి ప్రతిని హోసూరు బడి దాచినచో, నడుమనున్న సుమారు 50 కిలోమీటర్లు మన రెండు గిన్నెలను ఒకే నిప్పునుండి కాపాడును. ఏడాదికొకసారి ఆ ప్రతిని తెరచి, ఒక విద్యార్థిచే ఒక పుట చదివింపుడు.

చదువువాడు లేనిచో ఏ ప్రతియు నిలువదు. అది తల్లిదండ్రుల చేతిలోని పని. మీరు పిల్లలను తెలుగు బడికి పంపుచున్నారు. వారికై వ్రాసినది పోకుండ చూచుట మా వంతు.