నెమళ్ల కాలనీలో టర్కీ గురి

ఢిల్లీలోని మయూర్ విహార్‌లో పేరు నిలబెట్టడానికా అన్నట్టు ఇంకా నెమళ్లు అరుస్తుంటాయి. యమున ఒడ్డు పొలాల వైపు నుంచి తెల్లవారుజామున వినిపించే ఆ కేక మొన్న ఫోన్‌లో టెక్సస్ దాకా వెళ్లింది. ''బాబాయ్, నెమలేనా?'' అన్నాడు మా అన్నయ్య కొడుకు. అవునన్నాను. ''మంచి శకునమే. నేను దాని చుట్టం గురించే ఫోన్ చేశాను'' అన్నాడు.

చుట్టమంటే టర్కీ కోడి. వసంతకాలపు వేటకు పక్కింటాయన వాడినీ, పద్నాలుగేళ్ల వాడి కొడుకునీ పిలిచాడట. 12 బోరు షాట్‌గన్ కొన్నాడు. దాని మీద పెట్టే సైట్లు దుకాణంలో డజను రకాలున్నాయి. ఏది మంచిది? తుగ్లకాబాద్‌లోని కర్ణీసింగ్ రేంజిలో ఏళ్ల తరబడి పోటీలు చూసిన బాబాయికి తెలియకపోతుందా అని వాడి నమ్మకం.

నిజానికి ఆ రేంజిలో నేర్చుకున్నది ఈ ప్రశ్నకు పెద్దగా పనికిరాదు. 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన ఆ రేంజిలో ట్రాప్ షూటర్‌ను చూడండి. గొట్టం కొసన ఒక చిన్న పూస తప్ప తుపాకీ మీద మరేమీ ఉండదు. హిందీ వాళ్లు దాన్ని 'మఖ్ఖీ' అంటారు, ఈగ అని. ఈగంత పూసే అయినా షూటర్ దాన్ని చూడడు. అతని చూపంతా ఎగిరే బిళ్ల మీదే. 110 మిల్లీమీటర్ల బిళ్ల గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే పూసను వెతుక్కున్నవాడికి బిళ్ల దక్కదు. పెద్దగా చేసి చూపే అద్దాలు, వెలుతురు చుక్కలు అంతర్జాతీయ పోటీల్లో నిషేధం కూడా. 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం గెలిచినా, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కినాన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం తెచ్చినా ఆ ఈగ సాక్షిగానే. షాట్‌గన్‌కు అసలు సైట్ కన్నే. దానికి సాయం చెంప. చెంప బట్‌కు సరిగ్గా ఆనితే గొట్టం కంటి వెంటే తిరుగుతుంది.

టర్కీ వేట దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ పక్షి ఎగరదు, నడిచి వస్తుంది. వేటగాడు చెట్టుకు వీపు ఆనించి, ఆకుల రంగు బట్టల్లో కదలకుండా కూర్చుని, ఆడపక్షిలా కూత పెట్టి మగపక్షిని రప్పిస్తాడు. ఒంటి మీద ఈకల కవచం దట్టంగా ఉంటుంది కాబట్టి తలకూ మెడకూ గురిపెడతాడు. గుళ్లు చెదిరిపోకుండా గొట్టం చివర బాగా బిగువైన చోక్ అమరుస్తాడు. ఆ బిగువు వల్లే వస్తుంది చిక్కు. నలభై గజాల దూరంలో విచ్చుకునే గుళ్ల గుంపు పది గజాల దగ్గర పిడికిలంతే ఉంటుంది. చెంప కాస్త లేచిందా, గుంపంతా పక్షి తల మీదుగా వెళ్లిపోతుంది. షాట్‌గన్‌ను రైఫిల్‌లా గురిపెట్టాల్సిన అరుదైన సందర్భమిది. సైట్ ప్రశ్న పుట్టింది అందుకే.

మావాడికి చెప్పిన జవాబు ఇది. ఒంటి పూస చవక, చెడిపోదు. కానీ చెంప లేస్తే చెప్పదు. గొట్టం మధ్యలో మరో పూస ఉంటే రెండూ ఒకే వరసలో కనిపిస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ముందూ వెనకా ఆకుపచ్చ, ఎరుపు కాంతి తంతువుల సైట్లు అంతకంటే మేలు. బ్యాటరీ అక్కర్లేదు. గురిని పక్కకూ పైకీ సర్దుకోవచ్చు. అయితే బయటి వెలుతురుతో వెలిగేవి కాబట్టి తెల్లవారకముందు మసకబారతాయి. ఎర్ర చుక్క సైట్‌లో కన్ను కాస్త అటూఇటూ అయినా చుక్క ఉన్న చోటికే గురి. చెట్టుకు ఒరిగి, వంకరగా కూర్చుని కాల్చేవాడికి, అందులోనూ కొత్తవాడికి, అదే సులువు. బ్యాటరీ అయిపోతే మాత్రం వట్టి గాజుముక్క. దూరదర్శిని అమర్చిన సైట్ తలను పెద్దదిగా చూపిస్తుంది కానీ చుట్టూ ఉన్నదాన్ని కత్తిరించేస్తుంది. పైగా ఆ బరువైన తూటాల తన్నుకు కన్ను దగ్గరగా పెట్టినవాడి కనుబొమ్మ చిట్లుతుంది.

ఏది పెట్టినా ముందు కాగితం మీద కాల్చి చూడాలి. పది అంగుళాల వృత్తం గీసి, వేటకు వాడబోయే చోక్‌తో, ఆ తూటాతోనే కాల్చి, గుళ్లు ఎక్కడ పడ్డాయో లెక్కపెట్టాలి. ఒకే తుపాకీ ఒక్కో తూటాకు ఒక్కోలా పోస్తుంది. గుంపు నడిమధ్య సైట్ చూపిన చోటే ఉండాలని లేదు. ఖరీదైన సైట్ కొని ఈ పని మానేసినవాడి కంటే, పూసతోనే ఈ పని చేసినవాడు మెరుగు.

''సరే, ఎర్ర చుక్కే కొంటా'' అన్నాడు. తర్వాత మామూలుగా ఇంకో మాట అన్నాడు. పిల్లాడు పక్కింటాయనతో ఒక చెట్టు కింద, వీడు వంద గజాల అవతల మరో చెట్టు కింద కూర్చుంటారట. రెండు వైపుల నుంచీ కూత పెడితే పక్షి ఎటో ఒకవైపు రాక తప్పదని పక్కింటాయన ఉపాయం. అప్పటిదాకా సరదాగా మాట్లాడుతున్న నాకు గుండె జారింది.

టర్కీ వేటలో ప్రమాదం తెచ్చేది ఇదే. ఆకుల్లో కలిసిపోయే బట్టలు, పక్షిలా కూత, మసక వెలుతురు. అచ్చం పక్షిలా ఉండటమే అక్కడ నేర్పు. ఆ నేర్పు మరో వేటగాడి మీదా పనిచేస్తుంది. పొద కదిలి, కూత వినిపించి, ఎర్రటిదేదో మెరిస్తే, పక్షి కోసం గంటల తరబడి ఎదురుచూసిన కంటికి పక్షే కనిపిస్తుంది. అందుకే వేట పాఠాల్లో అక్కడ ఒక హెచ్చరిక తప్పకుండా చెబుతారు: ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఉండకూడదు, జేబురుమాలైనా సరే. మగ టర్కీ తల రంగులు అవే.

ఆ మూడు రంగులనూ నాలుగు శతాబ్దాల కిందటే రాసిపెట్టినవాడు మన దేశాన్నేలాడు. 1612లో గోవా నుంచి ముఖర్రబ్ ఖాన్ తెచ్చిన వింత జంతువుల్లో ఒక టర్కీ కోడిని చూసి జహంగీర్ ముచ్చటపడ్డాడు. దాని తలా మెడా కాసేపు పగడంలా ఎర్రగా, కాసేపు పత్తిలా తెల్లగా, ఒక్కోసారి మణిలా నీలంగా మారుతున్నాయని తన చరిత్రలో రాసుకున్నాడు. బొమ్మ గీయమని చిత్రకారులను ఆదేశించాడు. ఉస్తాద్ మన్సూర్ గీసినదిగా చెప్పే ఆ చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇదే జహంగీర్ పన్నెండో ఏట నుంచి ఏభయ్యో ఏటి దాకా తాను స్వయంగా చంపిన జంతువుల లెక్క తీయించాడు: 17,167. అంతటి వేటగాడూ తెలియని పక్షి ముందు నిలబడి, అది ఏమిటో తేలేదాకా తేరిపార చూశాడు.

టర్కీ, నెమలి ఒకే కుటుంబం పక్షులు. వాటిని కాపాడుకోవడానికి రెండు దేశాలూ రెండు దారులు పట్టాయి. మనం 1963లో నెమలిని జాతీయ పక్షిని చేశాం. 1972 వన్యప్రాణి చట్టంతో వేటను కట్టడి చేశాం. నెమలిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అమెరికాలో గత శతాబ్దం తొలినాళ్లకు టర్కీలు రెండు లక్షలకు మించి లేవని అంచనా. 1937లో అక్కడ వేట తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను డబ్బును వన్యప్రాణులకే ఖర్చుపెట్టే చట్టం తెచ్చారు. పట్టుకుని కొత్త అడవుల్లో వదిలిన పక్షులు పెరిగి ఇప్పుడు అరవై లక్షల దాకా ఉన్నాయి. మావాడు కొన్న తుపాకీలోనూ ఆ పన్ను ఉంది. వేట పేరెత్తితేనే పాపమనే మన ధోరణి అక్కడ అతకదు. అలాగని పంట చేలల్లో విషపు గింజలు తిని చచ్చే నెమళ్లున్నంత కాలం చట్టం రాసుకున్నామని మనం గర్వపడేదీ లేదు.

అందుకే వేటకు వెళ్లొద్దని వాడికి చెప్పలేదు. రెండు చెట్లు మాత్రం వద్దన్నాను. పిల్లాడు నీ మోచేతి పక్కనే కూర్చోవాలి, పక్కింటాయన కూడా మీతోనే. వీపు వెనక భుజాల కంటే వెడల్పైన చెట్టు ఉండాలి. ఎవరైనా వస్తుంటే చెయ్యి ఊపకుండా, కూత పెట్టకుండా నోరు తెరిచి గట్టిగా మాట్లాడాలి. తల, మెడ, రొమ్ము మీద వేలాడే వెంట్రుకల కుచ్చు, మూడూ విడివిడిగా కనిపించాలి. చాలా రాష్ట్రాల్లో వసంతంలో కాల్చదగింది మగపక్షినో, ఆ కుచ్చు ఉన్న పక్షినో మాత్రమే. దాని వెనక ఏముందో కూడా తెలియాలి. ఇవన్నీ బైనాక్యులర్‌తో చూడాల్సినవి, తుపాకీ మీది అద్దంతో కాదు. అది ఏమిటో తెలుసుకోవడానికి దాని మీదికి తుపాకీ తిప్పడమే మొదటి తప్పు.

కాసేపు మాట్లాడలేదు. ''మొదటి వారం తుపాకీ లేకుండా వెళ్తాం బాబాయ్. వాడికి పక్షిని చూపించి తీసుకొస్తా'' అన్నాడు. బైనాక్యులర్ ఏది కొనాలో మాత్రం అడగలేదు. అడిగితే, నా పాతది ఇక్కడ కిటికీ దగ్గరే ఉంది.