ఛాయాచిత్రములు – నాడు, నేడు

పూర్వము పెండ్లియింట ఛాయాగ్రాహకుని రాక యొక విశేషముగా నుండెడిది. అతని కెమెరాలోని ఫిలిము చుట్టకు 36 చిత్రములు, పెద్దకొలత చుట్టయైనచో 12 చిత్రములు మాత్రమే వచ్చెడివి. కావున తలంబ్రాల కెన్ని, అప్పగింతల కెన్ని యని అతడు ముందే లెక్క వేసికొనెడివాడు. "కదలవద్దు" అని అతడనగానే పిల్లలతో సహా అందఱును ఊపిరి బిగబట్టి నిలిచెడివారు. నాటి చిత్రములలో నవ్వు ముఖములు అరుదగుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

ఫిలిముపై పూసిన వెండి లవణములు వెలుతురు సోకిన చోట మార్పు చెందును. చిమ్మచీకటిలో దానిని డెవలపరు ద్రావణమున ముంచినచో ఆ చోట్ల నల్లని వెండి యేర్పడును. పిమ్మట హైపో ద్రావణము మిగిలిన లవణములను కరగించివేయును. నలుపు తెలుపులు తాఱుమాఱుగా కనిపించు ఆ మాతృకయే నెగటివు. దానినుండి కాగితముపై చిత్రమును అచ్చు వేయునపుడు, ఎఱ్ఱదీపపు వెలుగులో, ద్రావణమున మునిగియున్న తెల్లకాగితముపై తెలిసిన ముఖ మొకటి మెల్లమెల్లగా తేలివచ్చును. అది చూచినవారు మఱవజాలరు.

ఆ విద్య నేడు మూలబడినది. 1975లో కోడక్ సంస్థలోని స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు ఫిలిము లేని కెమెరాను నిర్మించెను. ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు దానికి 23 సెకండ్లు పట్టెడిది. ఫిలిముచే పేరుగాంచిన ఆ సంస్థయే 2012లో దివాలా పిటిషను దాఖలు చేయవలసివచ్చెను. మన దేశమున, ఉదకమండలమున 1960లో నెలకొల్పబడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థయు మూతపడినది.

ఫిలిము కాలమే స్వర్ణయుగమని కొందఱందురు. ఆ మాట సగమే నిజము. ఆ యుగమున ఫోటో తీయించుకొనగలిగిన వారెందఱు? పేదరాలగు నొక ముసలమ్మ గతించినచో, ఏ పెండ్లి ఫోటోలోనో వెనుక వరుసన నున్న ఆమె ముఖమును పెద్దది చేయించి గోడకు తగిలించెడివారు. నేడు కూలివాని ఫోనులోను అతని బిడ్డ నవ్వు నిలిచియున్నది. ఇది చిన్న మేలు కాదు.

అయినను ఒక నష్టము మాత్రము నిజమైనది. నెగటివు చేతికందు వస్తువు. ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదున స్టూడియో నడపిన రాజా దీనదయాళ్ 1905లో మరణించెను. ఆయన గాజుపలకల నెగటివులు రెండువేలకు పైగా నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. అట్టి పలకను వెలుతురున కెదురుగా పట్టినచో చాలును, బొమ్మ కనబడును. దానికి విద్యుత్తు వలదు, రహస్యపదము వలదు. ఫోను నీటబడినచో, వేఱొకచోట దాచనివారికి అయిదేండ్ల బిడ్డ యెదుగుదల యంతయు ఒక్క క్షణమున మాయమగును.

నాటి ఛాయాగ్రాహకుడు తీయుటకు ముందే ఎంచెడివాడు. నేటివారు తీసిన పిమ్మటనైనను ఎంచవలెను. ఏటికి 36 చిత్రము లేఱి కాగితముపై అచ్చు వేయించుట పెద్ద వ్యయము కాదు. వెనుకవైపున పేర్లును తేదియు వ్రాయుట మాత్రము మఱవరాదు. ఎందఱి యిండ్లలోనో పాత పెట్టెలలో ముఖములున్నవి. అవి యెవరివో చెప్పగలవారు లేరు.