శాలువా ఎవరికి కప్పాం?

ఈ ఉగాదికి మా మదురై తెలుగు సంఘం సభలో ఒక అమెరికా అమ్మాయికి శాలువా కప్పాం. కప్పిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి. శాలువా కొన్న రసీదు మీద సంతకమూ నాదే, సంఘానికి కోశాధికారిని నేనే గనుక. ఆ అమ్మాయి ఒక సెమిస్టరు చదువుకని మా ఊరు వచ్చింది. వేదిక ఎక్కి, కాగితం చూసుకుంటూ, "అందరికీ నమస్కారం. మీ ఊరు నాకు చాలా నచ్చింది. నాకు పులిహోర ఇష్టం" అని మూడు వాక్యాలు పలికింది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో పెద్దాయన ఒకరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అంతకు పావుగంట ముందు అదే వేదిక మీద ఏడో తరగతి చదివే మన పిల్లవాడొకడు రెండు పోతన పద్యాలు చదివాడు. బడిలో వాడికి తెలుగు లేదు, అక్షరాలు రావు. నాయనమ్మ నోట విని విని నేర్చుకున్నాడు. ఎక్కడా తడబడలేదు. వాడికి ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా ఇచ్చి పంపాం.

ఆ రాత్రి సంఘం లెక్కలు రాస్తుంటే ఆ రెండు పద్దులూ ఒకదాని కింద ఒకటి పడ్డాయి. శాలువా 850 రూపాయలు. డబ్బా 60 రూపాయలు. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఇంతగా తల దించుకునేట్టు చేసిన అంకెలు నాకు ఎప్పుడూ ఎదురు కాలేదు.

నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను, ఉత్త బి.కాం. వాణ్ణి. కనుక ఈ సంగతి నాకు తెలిసిన జమాఖర్చుల భాషలోనే చెబుతాను. సంపాదకులు మన్నించాలి.

మదురైకి అమెరికా విద్యార్థులు రావడం కొత్త కాదు. తమిళం నేర్చుకోవడానికీ, గుడులు చూడడానికీ, ఊరికే ఒక విడత "భారతదేశం" చేసి పోవడానికీ వస్తూనే ఉన్నారు. నేను వాళ్ళను మొదట చూసింది 1993లో, గుమాస్తాగా విదేశీ మారకం కౌంటరులో కూర్చున్నప్పుడు. అప్పట్లో ట్రావెలర్స్ చెక్కులు ఉండేవి. కొనేటప్పుడు ఒక సంతకం, మా ఎదుట రెండో సంతకం, రెండూ సరిపోతే డబ్బు. వంద డాలర్ల చెక్కు ఒకటి మారిస్తే 3,100 రూపాయల పైచిలుకు వచ్చేది. 1991 జులైలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించాక డాలరు 26 దాటి, తర్వాత 31 దగ్గర నిలిచిన రోజులవి. నా నెల జీతం ఇంచుమించు ఆ ఒక్క కాగితమే. ఇరవై ఏళ్ళ పిల్ల దాన్ని నడుముకు కట్టుకున్న సంచిలోంచి తీసి, సంతకం చేసి, నోట్లు లెక్కపెట్టకుండానే లోపల పెట్టుకునేది. మా మేనేజరుగారు పరుగున వచ్చి కుర్చీ వేయించేవారు, కాఫీ తెప్పించేవారు. అది ఒకటో తారీకు అయితే పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ళు వరుసలో నిలబడి ఆ కాఫీ పోవడం చూసేవాళ్ళు.

"మీ ఊళ్ళో అన్నీ ఎంత చవక!" అని ఆ పిల్లలు మురిసిపోయేవాళ్ళు. చవక అనే మాట వస్తువును గురించి చెప్పదు, కొనేవాడి జేబును గురించి చెబుతుంది. ఆటోవాడు పది రూపాయలు ఎక్కువ అడిగాడని అరగంట వాదించి, ఆ వాదన గురించి ఇంటికి నాలుగు పేజీల ఉత్తరం రాసుకున్నవాళ్ళను నేను ఎరుగుదును.

పిల్లల మీద నాకు కోపం లేదు. ఇరవై ఏళ్ళ వయసులో చేతిలో డబ్బూ, మోకాళ్ళలో బలమూ ఉండి, ఎక్కడికి పోయినా కుర్చీ వేసేవాళ్ళు ఉంటే మీరూ నేనూ అంతే చేసేవాళ్ళం. కోపం కుర్చీ వేసేవాళ్ళ మీద. అంటే మన మీద.

ఆ కుర్చీ రూల్సు పుస్తకంలోనూ ఉంది. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన విదేశీ విద్యార్థి పాస్‌పోర్టు, వీసా, కాలేజీ వారి ప్రవేశపత్రం చూపిస్తే ఖాతా తెరవవచ్చుననీ, స్థానిక చిరునామా రుజువు 30 రోజుల్లో ఇస్తే చాలుననీ రిజర్వు బ్యాంకు సదుపాయం కల్పించింది. ఆ నెలలోపు 1,000 డాలర్ల దాకా బయటినుంచి తెప్పించుకోవచ్చు, 50,000 రూపాయల దాకా తీసుకోవచ్చు. మంచిదే, పరాయి ఊరికి వచ్చిన పిల్లలు. మన పేదవాళ్ళనూ రిజర్వు బ్యాంకు మరిచిపోయిందని అనను. కాగితాలు లేనివాళ్ళకు "చిన్న ఖాతా" అని ఒకటి ఉంది. అందులో నెలకు 10,000కు మించి తీయకూడదు, ఏడాదికి లక్షకు మించి జమ పడకూడదు. పూల మార్కెట్టులో మల్లెపూలు అమ్మే మనిషి ఇదే ఊళ్ళో పుట్టి, ఇదే ఊళ్ళో పెరిగి, "ఎక్కడుంటావు?" అన్న ప్రశ్నకు కాగితం చూపలేక ఆ చిన్న ఖాతాలో ఉంటుంది. నిన్న విమానం దిగిన పిల్ల పెద్ద ఖాతాలో ఉంటుంది. రెండు ఫారాల మీదా సంతకం పెట్టేది నేనే.

ఇప్పుడు అటు పోయే మన పిల్లల సంగతి చూడండి. న్యూయార్కులోని అంతర్జాతీయ విద్యాసంస్థ ఏటా వేసే లెక్కల ప్రకారం 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అదే సంస్థ లెక్కలో 2022-23లో చదువు పేరిట బయటి దేశాలకు వెళ్ళిన అమెరికా విద్యార్థులు 2,80,716 మంది. వాళ్ళు ఎక్కువగా పోయేది ఇటలీ, బ్రిటన్, స్పెయిన్, ఫ్రాన్సు. మన దాకా వచ్చేది చిటికెడు. ఆ చిటికెడు మందికి మనం వేసే హారతి ఎంత!

మనవాడు పోవాలంటే ఏమి కావాలో నాకు బాగా తెలుసు, విద్యా రుణాల బల్ల చాలా ఏళ్ళు నాదే గనుక. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు. రాజపాళయం వైపునుంచి ఒక తండ్రి వచ్చాడు. తెలుగు రాజుల ఇల్లు, కొద్దిపాటి మెట్ట పొలం. పట్టా కాగితాలు పాత చేతిసంచిలో, గుడ్డలో చుట్టి తెచ్చాడు. వీసా రుసుము 185 డాలర్లు, విద్యార్థి నమోదుకు ఇంకో 350 డాలర్లు, అంతా కట్టాక కొడుకు కిటికీ ముందు నిలబడ్డాడు. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. వీసా అడిగే మనిషి అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం వాడిదే అంటుంది అది. మూడు నిమిషాల్లో ఆ పిల్లవాడి చేతికి ఒక చీటీ వచ్చింది. అందులో ఆ సెక్షను పేరు ఉంది. మన పిల్లవాడు దొంగ కాడని రుజువు చేసుకోవాలి. వాళ్ళ పిల్ల అతిథి అని మనమే రుజువు చేస్తాం, శాలువాతో.

"వాళ్ళు మన భాష నేర్చుకుంటున్నారు కదండీ, అది చాలదా?" అన్నారు మా సంఘం అధ్యక్షులు. చాలా మంచి మాట. కానీ ఆ నేర్చుకోవడానికి డబ్బు ఎవరు పెట్టారో ఒకసారి పాత పద్దులు తీసి చూద్దాం.

1954లో అమెరికా పి.ఎల్. 480 అనే చట్టం చేసింది. దాని కింద మనకు గోధుమలు వచ్చాయి. మనం డాలర్లు ఇవ్వలేం కనుక రూపాయల్లో చెల్లించాం. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే పేరుకున్నాయి. వాటిలో కొంత డబ్బు అమెరికా పండితులు ఇక్కడ ఉండి చదువుకోవడానికి పోయింది. 1962 నుంచి మన భాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపడానికీ పోయింది. చివరకు 1974లో మిగిలిన బాకీలో పెద్ద భాగం వదులుకుంటూ అప్పటి అమెరికా రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వం చేతికి 1,664 కోట్ల రూపాయల చెక్కు ఇచ్చాడు. బ్యాంకువాళ్ళం ఆ చెక్కు గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. అంటే ఏమిటి? ఆకలికి తిన్న గోధుమలకు మనం కట్టిన రూపాయలతోనే మన పుస్తకాలు ఓడలెక్కాయి. ఇది ఉచితంగా దొరికిన అభిమానం కాదు. అసలు సొమ్ములో మన వాటా ఉంది.

ఆ డబ్బు వృథా పోయిందనీ అనను. అబద్ధమాడితే లెక్క తప్పుతుంది. జీన్ రోఘైర్ అనే అమెరికా ఆయన పల్నాడు వచ్చి, వీరుల కథ పాడేవాళ్ళ దగ్గర కూర్చుని, విని, రాసుకుని 1982లో పెద్ద పుస్తకం వేశాడు. ఫిలిప్ వాగనర్ "రాయవాచకం" మీద పనిచేసి 1993లో ఇంగ్లీషులో ప్రచురించాడు. రాయవాచకం ఎక్కడ పుట్టిందో మదురైలో ఎంతమంది తెలుగువాళ్ళకు తెలుసు? ఇక్కడే, మా నాయక రాజుల కొలువులో, దాదాపు 1600 ప్రాంతంలో. తిరుమల నాయకుని మహలు ముందునుంచి నేను రోజూ స్కూటరు మీద బ్యాంకుకు పోతాను. ఆ మహలు కట్టించినవాడి వంశపు కొలువులో తెలుగు వచనం రాశారన్న సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక, అదీ వాగనర్ పుస్తకం గురించి ఎవరో చెబితే తెలిసింది. ఆయనకు శాలువా కప్పమంటే నేను నా సొంత డబ్బుతో కప్పుతాను.

కానీ ఇప్పుడొచ్చేది వాగనర్లు కారు. నాలుగు నెలలు, కాలేజీ మార్కుల్లో కొంత వాటా, కొన్ని ఫొటోలు. మా వీధి చివరి బడికి ఒక జట్టు వచ్చి రెండు రోజులు గోడలకు రంగు వేసి "సేవ" చేసి పోయింది. చుక్కలు పడిన నేలను కడగడానికి ఆయాకు ఒక పూట, గోడను సరిచేయడానికి పెయింటరుకు ఒక రోజు పట్టింది. వాళ్ళ విమాన టిక్కెట్లలో ఒక్కదాని ఖరీదుతో ఆ పెయింటరు బడి మొత్తానికి రెండు కోటింగులు వేసి, మిగిలిన డబ్బుతో కూతురు ఫీజు కట్టుకునేవాడు.

ఇక అసలు సంగతి. మా ఎదురింటి వదినగారి ఇంట్లో 2019లో ఒక అమ్మాయి నాలుగు నెలలు ఉంది. ఆ అమ్మాయికి గది కావాలని అవ్వ మంచాన్ని హాల్లోకి జరిపారు. అవ్వ వదినగారికి అత్తగారు, కోవిల్‌పట్టి నల్లరేగడి పల్లెలో పుట్టిన మనిషి. ఆమెది మా పాత తెలుగు. "ఏంది పాపా, బువ్వ తింటివా? యాడికి పోతాండావు?" అని రోజూ పలకరించేది. అమ్మాయి పుస్తకంలో ఇంటి పేరుతో పాటు "తమిళ కుటుంబం" అని రాసి ఉంది. అవ్వ మాట అర్థం కాకపోతే వయసు మీరి నోరు తిరగడం లేదనుకుంది. రెండు వారాల తర్వాత నేను, "అమ్మా, అది తెలుగు" అన్నాను. "తమిళంలో ఒక యాసా?" అని అడిగింది. కోపం వచ్చి నాలుగు మాటలన్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ ఇంట్లో మనవడూ మనవరాలూ కూడా ఆ అమ్మాయికి ఆ సంగతి చెప్పలేదని తట్టింది. వాళ్ళు అవ్వకు తమిళంలోనే జవాబు చెబుతారు.

ఆ పిల్లను మెచ్చుకోవాలి. మర్నాటినుంచి సాయంత్రం పూట ఫోను పట్టుకుని అవ్వ మంచం పక్కన కూర్చుంది. తిరగలి పాటలు, జోలపాటలు, కల్లంలో పాడేవి, అన్నీ పాడించుకుని రికార్డు చేసింది. అవ్వ అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. డిసెంబరులో అమ్మాయి వెళ్ళిపోయింది, పాటలతో సహా. 2021లో అవ్వ పోయింది. ఇప్పుడు అవ్వ గొంతు ఎక్కడుంది? అమెరికాలో. ఎదురింట్లో ఉన్నది దండ వేసిన ఫొటో ఒక్కటే. ఆ అమ్మాయి దొంగిలించిందని నేననలేను. మనం పారేసినదాన్ని ఏరుకుంది.

2006లో తమిళనాడులో ఒక చట్టం వచ్చింది. ఒకటో తరగతినుంచి మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతి పెంచుకుంటూ, పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేశారు. మన పిల్లలకు మొదటి భాషగా తెలుగు తీసుకునే దారి మూసుకుంది. దాని మీద అర్జీలు పెట్టాం, కోర్టులకు పోయాం, పోవాల్సిందే. కానీ ఇంటి వంటగదిలో తెలుగు మాట్లాడకూడదని ఏ చట్టం చెప్పింది? వేల మైళ్ళ దూరంనుంచి వచ్చిన పిల్ల అవ్వ పక్కన కూర్చోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేకపోయింది.

హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం పాఠకులారా, మీ ఊళ్ళో అమెరికా పిల్ల ఉండకపోవచ్చు. శాలువా మాత్రం ఉండే ఉంటుంది. పైవాడు మన మాట పలికితే పులకరించడం, మనవాడు పలికితే ఆవులించడం నా ఒక్క ఊరి జబ్బు కాదని నా అనుమానం.

వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. శాలువాల పద్దు కొట్టేసి, ఆ డబ్బుతో ఆదివారం ఉదయం పలకలు, అక్షరాల పుస్తకాలు కొనాలి. మొదటి పలక ఆ టిఫిన్ డబ్బా పిల్లవాడికి. "శాలువా లేకపోతే సభకు పెద్దవాళ్ళెవరు వస్తారండీ?" అని అధ్యక్షులు అప్పుడే అడిగారు. రాకపోతే కుర్చీల అద్దె మిగులుతుందన్నాను. ఆయన నవ్వలేదు.

ఈ సంక్రాంతికి ఆ అమ్మాయి దగ్గరనుంచి నాకు ఒక ఉత్తరం వచ్చింది. పాటలన్నీ విని రాసుకుంటోందట, కావాలంటే వదినగారికి ఒక ప్రతి పంపుతానంది. ఒక తిరగలి పాట మూడో చరణంలో ఒక మాటకు అర్థం తెలియడం లేదనీ, ఇంట్లో ఎవరినైనా అడిగి చెప్పమనీ రాసింది. వదినగారిని అడిగాను. పిల్లలను అడిగాను. మా ఆవిడనూ అడిగాను. చివరకు కోవిల్‌పట్టి దాకా పోయి, అవ్వ పుట్టిన పల్లెలో ఆమె ఈడు వాళ్ళు ఎవరైనా మిగిలారేమో వెతికాను. ఒకామె ఉంది, వినపడదు. ఉత్తరం నా బల్ల సొరుగులోనే ఉంది. ఇంకా జవాబు రాయలేదు.