కట్టడాలు గీసేవారికి కనీస భరోసా ఏది?

విజయవాడ: 2015లో శంకుస్థాపన జరిగి, 2019 తర్వాత నిలిచిపోయిన అమరావతి నిర్మాణ పనులు 2025 మే 2న ప్రధానమంత్రి చేతుల మీదుగా పునఃప్రారంభం కావడంతో కృష్ణా తీరంలో భవన నిర్మాణ రంగంపై చర్చ మళ్లీ ఊపందుకుంది. స్థలాల ధరలు, సిమెంటు ధరలు, కాంట్రాక్టర్ల బిల్లులు ఈ చర్చలో తరచుగా వినిపిస్తున్నాయి. ఆ భవనాలకు కాగితంపై తొలి రూపమిచ్చే యువ ఆర్కిటెక్టుల ఉద్యోగ పరిస్థితులు మాత్రం ప్రస్తావనకు రావడం అరుదు.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం, 2008లో ఏర్పడిన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంతో పాటు పలు ప్రైవేటు కళాశాలల నుంచి ఏటా పట్టభద్రులు బయటకు వస్తున్నారు. ఐదేళ్ల చదువు పూర్తిచేసిన వీరు తమకు ఉద్యోగమిచ్చే సంస్థ నుంచి ఏమి ఆశిస్తున్నారు? జీతం పెరగాలన్న కోరిక సహజమే. అయితే జీతం అంకె కన్నా ముందుగా వారు కోరుతున్నవి మరికొన్ని ఉన్నాయి.

మాట మీద నడిచే కొలువు

చిన్న ఆర్కిటెక్ట్ కార్యాలయాల్లో నియామకం చాలా వరకు నోటిమాటతోనే జరుగుతుంది. జీతమెంత, ఏ తేదీన ఇస్తారు, సెలవులెన్ని, మానేయదలిస్తే ఎన్నాళ్లు ముందుగా చెప్పాలి అన్నవి కాగితంపైకి ఎక్కవు. క్లయింటు ఫీజు చెల్లించడం ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. చదువులో భాగంగా వృత్తి శిక్షణకు వచ్చే విద్యార్థుల స్థితి ఇంకా అస్పష్టం. పని నేర్పుతున్నాం గనుక భృతి ఎందుకన్న ధోరణి కొన్నిచోట్ల నేటికీ పోలేదు. ఆ విద్యార్థి గీసిన డ్రాయింగుకు క్లయింటు నుంచి ఫీజు మాత్రం వసూలవుతూనే ఉంటుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. ఇది స్వాగతించదగినదే. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి సాధారణంగా పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది. ఈఎస్ఐ, గ్రాట్యుటీ, ప్రసూతి ప్రయోజనాలకూ పది మందే గీటు. భవిష్యనిధికి ఇరవై మంది ఉండాలి. నలుగురైదుగురితో నడిచే కార్యాలయం ఈ గీటులన్నింటికీ దిగువనే ఉండిపోతుంది. జిల్లా కేంద్రాల్లోని ఆర్కిటెక్ట్ కార్యాలయాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే.

తెల్లవార్లూ పని ఎందుకు?

ఉద్యోగుల రెండో కోరిక సమయానికి సంబంధించినది. తెల్లవార్లూ మేలుకొని డ్రాయింగులు పూర్తిచేసే అలవాటు ఈ వృత్తిలో కళాశాల స్టూడియోలోనే మొదలవుతుంది. కార్యాలయంలో చేరాక అదే నిబద్ధతకు కొలమానమవుతుంది. కష్టపడి పనిచేయడానికి యువత వెనుకాడడం లేదు. గడువు తేదీ ముందుగా తెలియాలని, క్లయింటు సాయంత్రం మనసు మార్చుకున్న ప్రతిసారీ ఆ భారం తమ రాత్రిపై పడరాదని, అదనంగా పనిచేసిన రోజులకు బదులు సెలవు దక్కాలని మాత్రమే వారు కోరుతున్నారు. పొద్దుపోయాక ఇంటికి చేరవలసిన మహిళలకు ఇది భద్రతకు సంబంధించిన విషయం కూడా. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగినా, పది మంది లేని కార్యాలయంలో అది యజమాని సౌజన్యంపైనే ఆధారపడుతుంది. తరగతి గదిలో పెద్ద సంఖ్యలో కనిపించే అమ్మాయిలు పదేళ్ల తర్వాత వృత్తిలో ఎందరు మిగులుతున్నారన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

మూడోది నేర్చుకునే అవకాశం. ఏళ్ల తరబడి కంప్యూటరు ముందు కూర్చుని మెట్ల వివరాలు, మరుగుదొడ్ల కొలతలు గీస్తూ ఉండిపోతే ఆర్కిటెక్టుకు వృత్తి అబ్బదు. సైటుకు వెళ్లి మేస్త్రీతో మాట్లాడాలి. క్లయింటుతో జరిగే చర్చల్లో కూర్చోవాలి. తాను పనిచేసిన భవనంలో తన పాత్ర నమోదు కావాలి. సంస్థను వీడేటప్పుడు తాను గీసినవాటిని తన పనిగా చూపుకొనే అనుమతి లేకపోతే, ఆ ఉద్యోగి ఎన్నేళ్లు పనిచేసినా కొత్తవాడి కిందే లెక్క.

యజమానుల ఇబ్బందులు

సంస్థల వాదననూ తోసిపుచ్చలేం. ఫీజు దశలవారీగా వస్తుంది. పని మధ్యలో ఆగితే మిగిలిన దశల సొమ్ము రాదు. తొలి నమూనాలను ఉచితంగా గీసివ్వమనే క్లయింట్లకు కొదవలేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం 'ఆర్కిటెక్ట్' అన్న పేరుకే రక్షణ కల్పిస్తుందని, ఆ పని ఇతరులు చేయడాన్ని నిషేధించదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కనుక తక్కువ రుసుముకు ప్లాను గీసిచ్చే వారితో పోటీ తప్పదు. అయినా ఆ పోటీ నష్టాన్ని అందరికన్నా తక్కువ జీతం తీసుకునే ఉద్యోగి మోయవలసి రావడం సమంజసం కాదు. బరువు పైనుంచి కిందికి దిగడం కట్టడ ధర్మం కావచ్చు గాని, కార్యాలయ ధర్మం కారాదు.

ఈ సమస్య మన జిల్లాలకే పరిమితం కాదు. జీతం లేని శిక్షణపై విమర్శలు చెలరేగడంతో 2019లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ, తమ పెవిలియన్ పనిలో పాల్గొనే వారందరికీ వేతనం చెల్లించాలని స్పష్టం చేసింది. న్యూయార్క్‌లో బెర్న్‌హైమర్ ఆర్కిటెక్చర్ సంస్థ 2022లో తన ఉద్యోగుల సంఘాన్ని స్వచ్ఛందంగా గుర్తించింది.

నియమం ఉంది, అమలే లేదు

మనకు మాత్రం కొత్త నియమం కోసం ఎదురుచూడవలసిన పనిలేదు. 1989 నాటి ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తన నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఉద్యోగులకు తగిన పని వాతావరణం కల్పించాలని, న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలని, వారి వృత్తి వికాసానికి తోడ్పడాలని, వారి వృత్తిపరమైన కృషిని గుర్తించి గౌరవించాలని అవి ఆర్కిటెక్టును ఆదేశిస్తున్నాయి. ఉల్లంఘన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. దుష్ప్రవర్తన రుజువైతే మందలింపు మొదలుకొని రిజిస్టరు నుంచి పేరు తొలగించే వరకు చట్టంలో శిక్షలున్నాయి. పది మంది, ఇరవై మంది అన్న గీటు ఇక్కడ లేదు. ఒక్క ఉద్యోగి ఉన్నా ఈ బాధ్యత తప్పదు.

ఒక పేజీ నియామక పత్రం, జీతానికి ఒక తేదీ, శిక్షణ భృతి ఎంతన్న స్పష్టత, డ్రాయింగుపై గీసినవారి పేరు... వీటిలో అధిక వ్యయంతో కూడినవి ఏవీ లేవు. విద్యార్థిని శిక్షణకు పంపే ముందు కళాశాలలు ఆ కార్యాలయం నుంచి వీటిని లిఖితపూర్వకంగా కోరవచ్చు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ సైతం తన నిబంధనను ఒకసారి సభ్యులకు గుర్తుచేస్తే బాగుంటుంది. ఇతరుల నివాసాలకు గాలి, వెలుతురు ఎటునుంచి రావాలో నిర్ణయించేవారు తమ కార్యాలయంలోనూ ఆ రెండింటికీ చోటివ్వవలసిన అవసరం ఉంది.