పడ్డాక వైద్యం సరే... పడకుండా?

డెబ్బై ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం అందేలా కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని విస్తరించింది. మంచి నిర్ణయమే. బాత్రూంలో కాలు జారి తుంటి ఎముక విరిగిన పెద్దావిడ ఆపరేషన్‌కు ఇక ఆసరా దొరికింది. ఆమె జారకుండా అదే బాత్రూం గోడకు ఒక గ్రాబ్ బార్, అంటే పట్టుకునే స్టీలు కడ్డీ, బిగించుకోవాలంటే మాత్రం ఆ పథకం నుంచి పైసా రాదు. కడ్డీ ఖరీదు వందల్లో మొదలై రెండు మూడు వేలలో తేలిపోతుంది. వృద్ధుల విషయంలో మన విధానాలన్నీ ప్రమాదం జరిగాకే నిద్ర లేస్తున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఈ పద్ధతి మారాలంటే దృష్టి ఆసుపత్రి మీది నుంచి ఇంటి మీదికి మళ్లాలి.

ఇంట్లో ఇద్దరే

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్లు. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ఈ సంఖ్య 2022 నాటికి 14.9 కోట్లకు చేరిందని, 2050 కల్లా 34.7 కోట్లు అవుతుందని అంచనా వేసింది. అప్పటికి ప్రతి అయిదుగురిలో ఒకరు వృద్ధులే. దక్షిణాది రాష్ట్రాలు ఈ దారిలో దేశం కంటే ముందు నడుస్తున్నాయి. వృద్ధాప్యంపై 2017-18లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం నాలుగో వంతుకు పైగా వృద్ధులు ఒంటరిగానో, భార్యాభర్తలిద్దరేనో ఉంటున్నారు.

తెలుగునాట ఈ పరిస్థితి వీధి వీధినా కనిపిస్తుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడితే, వాళ్ల కోసమే అప్పుచేసి కట్టిన రెండంతస్తుల ఇంట్లో అమ్మానాన్నా మిగిలిపోతున్నారు. దూరాన ఉన్న కొడుకు హాల్లో సీసీ కెమెరా పెట్టించి ఫోన్‌లో చూసుకుంటుంటాడు. నాన్న పడ్డ సంగతి కెమెరా చెబుతుందే గానీ పడకుండా ఆపలేదు. పైగా అన్నిటికంటే ప్రమాదకరమైన బాత్రూంలో అది ఉండదు.

ప్రమాదవశాత్తు గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం పడిపోవడానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇలా ఏటా 6.84 లక్షల మంది చనిపోతున్నారని దాని అంచనా. వీటిలో 80 శాతానికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. ప్రాణాలు పోగొట్టుకునేవారిలో ఎక్కువ మంది అరవై దాటినవారే. తుంటి ఎముక విరిగితే అసలు ముప్పు ఆ తర్వాత మొదలవుతుంది. మంచాన పడ్డ మనిషిని నిమ్ము, వీపు పుండ్లు, రక్తనాళాల్లో గడ్డలు చుట్టుముడతాయి. ప్రాణం దక్కినా చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు.

వయసొక్కటే కారణమా?

ఒకప్పటి ఇళ్లు భద్రమైనవేమీ కావు. పెరట్లో నాచు పట్టిన బావి గట్టు, చీకట్లో దూరంగా దొడ్డి ఉండేవి. కాకపోతే పిలిస్తే పలికే మనిషి ఇంట్లో ఉండేవాడు. సానపట్టని కడప, తాండూరు బండలు తడి కాలికి కాస్త పట్టునిచ్చేవి. ఇప్పుడు నేలంతా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, పాలిష్ గ్రానైట్. వాటి మీద ఒలికిన నీళ్లు కంటికి కనిపించవు. ఆదివారం తలంటు నూనె, షాంపూ నురగ తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్లు పడే తీరు గమనిస్తే కారణాలు వరుసగా బయటపడతాయి. అర్ధరాత్రి మూత్రానికి లేస్తారు. బీపీ, నిద్ర మాత్రలు వాడేవారు మంచం మీంచి చటుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పక్కవాళ్ల నిద్ర చెడుతుందని లైటు వేయరు. బాత్రూం నీళ్లు గదిలోకి రాకుండా కట్టిన గట్టు నేల రంగులోనే ఉండటంతో శుక్లాలున్న కంటికి ఆనదు. తూలినప్పుడు చేతికి అందేది టవల్ రాడ్డో, కుళాయో. మనిషి బరువు మోయడానికి బిగించినవి కావవి, ఊడి చేతికొస్తాయి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే పడ్డ మనిషే దానికి అడ్డం. లోపల గడియ వేసుకుని ఉంటే బయటివాళ్లు బద్దలు కొట్టాల్సిందే. ఇన్నింటిలో ఏ రెండు మూడు సరిచేసినా ప్రమాదం తప్పే అవకాశం ఉంది. మనం మాత్రం ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటున్నాం.

మార్పులు ఫలిస్తాయా?

ఫలిస్తాయనడానికి రుజువులున్నాయి. న్యూజిలాండ్‌లో 842 ఇళ్లను ఎంచుకుని, కొన్నింటిలో ముందుగా మెట్లకు రెయిలింగులు, బాత్రూంలలో కడ్డీలు, బయట దీపాలు, మెట్ల అంచులకు జారని పట్టీలు అమర్చారు. మార్పులు చేయని ఇళ్లతో పోలిస్తే అక్కడ పడి గాయపడటం 26 శాతం తగ్గిందని ‘లాన్సెట్’ పత్రిక 2015లో ప్రచురించింది. ఇలాంటి పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన 2023 నాటి కాక్రేన్ సమీక్ష ఇంకో కీలకమైన విషయం తేల్చింది. ఇదివరకే పడినవారు, రోజువారీ పనులకు సాయం కావాల్సినవారు ఉన్న ఇళ్లలో మార్పులు చేస్తే పడటం 38 శాతం తగ్గింది. ముప్పు తక్కువగా ఉన్నవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ప్రతి ఇంటికీ తలా కాస్త పంచడం కంటే, ముప్పున్న గడపల్ని గుర్తించి అక్కడే ఖర్చు పెట్టడం మేలు.

జపాన్ 2000లో తెచ్చిన దీర్ఘకాలిక సంరక్షణ బీమాలో ఇంటి మార్పులనూ చేర్చింది. కడ్డీలు బిగించడం, నేల ఎత్తుపల్లాలు సరిచేయడం, తలుపులు మార్చడం వంటి పనులకు 2 లక్షల యెన్‌ల వరకు అయ్యే ఖర్చులో లబ్ధిదారు ఆదాయాన్ని బట్టి 10 నుంచి 30 శాతం భరిస్తే చాలు. సింగపూర్ ప్రభుత్వం 2012 నుంచి సర్కారీ ఫ్లాట్లలోని వృద్ధులకు ఇవే సదుపాయాలను 95 శాతం వరకు రాయితీతో కల్పిస్తోంది.

మన దగ్గర నిబంధనలకు కొదవ లేదు. 2016 నాటి నమూనా భవన నిబంధనల్లో వృద్ధులు, వికలాంగులకు ప్రత్యేక అధ్యాయం ఉంది. 2021లో కేంద్రం సార్వత్రిక సౌలభ్యానికి సమగ్ర మార్గదర్శకాలు విడుదల చేసింది. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ నివేదికను పరిగణనలోకి తీసుకున్న సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో తీర్పు చెప్పింది. అయితే ఈ కసరత్తంతా ప్రధానంగా నలుగురూ వచ్చిపోయే భవనాల గురించే. సొంతింటి బాత్రూం దాకా అది రాదు. జాతీయ భవన నిర్మాణ స్మృతి నివాస గృహాల్లో మెట్టు ఎత్తును 190 మిల్లీమీటర్ల దాకా అనుమతిస్తోంది. సౌలభ్య ప్రమాణం 150 మాత్రమే. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ తేడా ప్రతి మెట్టు మీదా తెలుస్తుంది. 2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు ఇస్తోంది. వాకర్ పట్టని బాత్రూం తలుపు సంగతి మాత్రం దాని పరిధిలో లేదు.

ఏం చేయాలి?

కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపే ఆరోగ్య పత్రంలో అరవై దాటినవారిని ‘నిలబడినప్పుడు, నడిచినప్పుడు తూలుతున్నారా’ అని అడిగే ప్రశ్న ఇప్పటికే ఉంది. అవునన్నవారి ఇంట్లో బాత్రూం, మెట్లు, దీపాలు చూసి రాయమని మరో నాలుగు ప్రశ్నలు చేర్చాలి. అలా తేలిన ఇళ్లకు, తుంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చేవారికి చిన్నపాటి మార్పుల ఖర్చును ఆరోగ్య పథకాల నుంచే ఇవ్వాలి. తెలంగాణలో ఒక్కో ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం రూ.5 లక్షలు ఇస్తోంది. ఆ నమూనాలోనే గరుకు టైల్స్, వెడల్పు తలుపు, గట్టు లేని బాత్రూం ఉంటే పెద్దగా అదనపు ఖర్చు ఉండదు. ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ పథకాలకూ ఇదే వర్తిస్తుంది. అపార్ట్‌మెంట్ బిల్డర్లు బాత్రూం గోడలో కడ్డీ బరువు ఆపే చోటు ముందే సిద్ధం చేయాలి. ఇప్పుడు వాడుతున్న తేలికపాటి బ్లాకుల్లో మామూలు స్క్రూలు నిలవవని మేస్త్రీలకు, ప్లంబర్లకు శిక్షణలో చెప్పాలి.

కుటుంబాల వంతు పని ఇంకా తేలిక. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట కడ్డీలు. రబ్బరు అడుగున్న కుర్చీ మీద కూర్చుని స్నానం. బయటి నుంచీ తీయగలిగే గడియ. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం. రోజూ వాడే డబ్బాలు, పచ్చడి జాడీలు అటక మీద కాకుండా చేతికందే ఎత్తులో. వీధి గడపను తీసేయమని ఎవరూ అనరు. పసుపు రాసిన గడప కంటికి ఆనుతుంది కూడా. లోపలి గట్లకు ఆ పాటి రంగు తేడా అయినా ఉండాలి.

‘నాకేం ముసలితనం వచ్చిందని’ అంటూ పెద్దవాళ్లు అడ్డుచెప్పడం సహజం. ఇల్లు ఆసుపత్రిలా మారిపోతుందన్న వాళ్ల బెంగను కొట్టిపారేయకూడదు. గర్భిణికి, పసిపిల్లలకు, కాలు బెణికిన కుర్రాడికీ ఆ కడ్డీ పనికొస్తుందని చెబితే ఒప్పుకుంటారు. ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక్క పూట మేస్త్రీని పిలిపించండి. ఏది ఎక్కడ మార్చాలో మాత్రం ఆ ఇంట్లో రోజూ తిరిగే పెద్దవాళ్లనే అడగండి.